బేస్ వినిపించిన హాలు, తీగలు ఎక్కువైన కేకు

నెల్లూరులో పాతిక కుర్చీల పార్టీ గది నుంచి ఊరంతా పట్టే కల్యాణ మండపం వరకు అన్నీ దొరుకుతాయి. దొరకనిదల్లా వంద మంది కూర్చుని పాట వినగలిగే మధ్యరకం హాలు. మా ఆయన యాభయ్యో పుట్టినరోజుకు అలాంటిదాని కోసం ఊరంతా గాలించి, చివరికి ఒకటి పట్టుకున్నాను. హాలు, భోజనం ఒక చోట, సౌండ్ ఒక చోట, కేకు ఇంకో చోట. అన్ని బిల్లులూ నా చేతి మీదుగానే వెళ్లాయి కాబట్టి అందరి గురించీ చెప్పే హక్కు నాకుంది. పేర్లు మాత్రం రాయను. మెచ్చుకున్నవాళ్ల పేరు రాసి, తిట్టినవాళ్ల పేరు దాచడం న్యాయం కాదు. అందరివీ రాస్తే ఈ ఊళ్లో నాకు మళ్లీ ఎవరూ విస్తరి వేయరు.

మా ఆయన జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కల మాస్టారు. బడి వదిలాక, సెలవుల్లో, పెళ్లిళ్ల రోజుల్లో బేస్ గిటార్, అంటే పాట అడుగున కింది స్వరాలు పలికే గిటారు వాయిస్తారు. మా పెళ్లి నాటికే ఆర్కెస్ట్రాల్లో ఉన్నారు. ఆర్కెస్ట్రా అంటే గాయకుడి పేరు బ్యానరు మీద ఉంటుంది, కీబోర్డు వాయించేవాళ్లకు శాలువా కప్పుతారు, డ్రమ్స్ అబ్బాయికి పిల్లలు ఈలలు వేస్తారు. మా ఆయనను భోజనాల దగ్గర "మీరు ఏ పాట పాడారండీ?" అని అడుగుతారు. ఆయన నవ్వి ఊరుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈసారి నా పట్టుదల ఒక్కటే: వచ్చినవాళ్లందరికీ ఆయన వాయించేది విడిగా, స్వరం తెలిసేలా వినిపించాలి. ఊరేగింపు బండి మీద డబ్బాలు పెట్టి గుండెలు అదరగొట్టే రకం నాకు అక్కర్లేదు. ఈ రాతంతా ఆ కొలబద్దతోనే. పూల అలంకరణ ఎలా ఉంది, సెల్ఫీలు దిగే చోటు ఎలా ఉంది అని చూసేవారికి ఇందులో పెద్దగా పనికొచ్చేది ఏమీ లేదు.

హాలు మాగుంట లేఅవుట్ వైపు, రెండో అంతస్తులో. కుర్చీలు వేస్తే 150 మంది పడతారు, మేము 110 మందిమి. సాయంత్రం అయిదు నుంచి రాత్రి పదిన్నర వరకు 14,000 రూపాయలు, ఏసీ అందులోనే. కరెంటు మీటరు చూసి వేరే, జనరేటర్ డీజిల్ వేరే అన్న సంగతి మాత్రం అడ్వాన్సు రసీదు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. రసీదు తిప్పి చదివాకే డబ్బు ఇవ్వండి. సామాను మధ్యాహ్నం రెండింటికే ఎక్కించుకుంటామంటే ఇంకో 1,500 అడిగారు, బేరమాడితే 1,000కి దిగారు. లిఫ్టులో నలుగురికి మించి పట్టరు. స్పీకర్లన్నీ మెట్ల మీదుగా మోసుకురావలసిందే. పెద్దవాళ్లను ఒక్కొక్కరిగా పైకి చేర్చడానికి మా మరిదిని కింద కాపలా పెట్టాను.

మా ఆయన పుట్టింది జూన్ మొదటి వారంలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ రోజులు. అప్పుడు నెల్లూరులో ఏసీ లేని హాలు ఊరికే ఇచ్చినా పుచ్చుకోకూడదు. ఇక్కడి ఏసీలకు వంక పెట్టలేను. ఆ వారానికి మరో చిక్కు కూడా ఉంది. జూన్ 4 ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పుట్టినరోజు. ఆయన సొంత ఊళ్లో ఆ ముందు వెనక రోజుల్లో గొంతు ఉన్నవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట పాట ఉంటుంది. మా స్నేహితుల్లో పాడే ఇద్దరినీ రెండు నెలల ముందే మాట తీసుకుని కట్టేయకపోతే ఆ సాయంత్రం మేమంతా ఉత్త వాద్యాలతో సరిపెట్టుకోవలసి వచ్చేది.

ఇక సౌండ్. అసలు చెప్పవలసింది ఈ అబ్బాయి గురించే. అతని గోడౌను తిప్పరాజువారి వీధికి దగ్గరలో. ఆ వీధిలో ఉన్న బాలు గారి ఇల్లు 2020లో ఆయనే వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. పాటల సామాను అద్దెకిచ్చే మనిషి ఆ చుట్టుపక్కలే ఉండటం నాకు మంచి శకునంగా తోచింది. శకునాలతో స్పీకర్లు పలకవు కాబట్టి ఇంకో ఇద్దరిని కూడా కనుక్కున్నాను. ఒకాయన "ఆరు బేస్ బాక్సులు పెడతానమ్మా, కింద షాపుల షట్టర్లు కూడా అదురుతాయి" అని భరోసా ఇచ్చాడు. రెండో ఆయన ఎంతమంది వస్తారని అడిగి, సమాధానం వినకుండానే రేటు చెప్పాడు. ఈ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సార్‌ది నాలుగు తీగల గిటారా, ఐదు తీగలదా అమ్మా?"

ఎందుకని అడిగాను. నాలుగు తీగలదైతే అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 ఊపుల దగ్గర ఆగుతుందట. ఐదో తీగ ఉంటే 31 దాకా దిగుతుందట. దానికి తగ్గ బాక్సులు తెచ్చుకోవాలి, లేకపోతే ఆయన మీటుతారు, జనానికి ఏమీ చేరదు అన్నాడు. అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాను. మొత్తం 16,000. పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సులు రెండు, పై స్పీకర్లు రెండు, వాయించేవాళ్ల ముందు పెట్టే మానిటర్లు నాలుగు, మిక్సర్, మైకులు, రవాణా, ఇద్దరు కుర్రాళ్లు, అన్నీ అందులోనే. మా ఊరి లెక్కకు ఇది చవక కాదు, అలాగని మోసమూ కాదు.

మధ్యాహ్నం ఉక్కలో సామాను బిగించి బేస్ ఆంప్లిఫయర్ స్విచ్చి వేయగానే గుయ్యిమని ఒకటే హోరు. మా ఆయన మందం తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటారు. హోరూ ఆ స్వరమూ దాదాపు ఒకటే! "చూశావా, హాలు కూడా మనతో కలిసి పాడుతోంది" అని లెక్కల మాస్టారి ఆనందం. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ మెట్టు మీద తీగ 49 సార్లు ఊగుతుంది. ఆ ఒక్క తేడా వల్ల రెండూ కలిసి సెకనుకోసారి ఉబ్బుతూ తగ్గుతూ వినిపిస్తున్నాయి. ఆయన గడియారం పట్టుకుని మాకు పాఠం మొదలుపెట్టారు. నాకు మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. నాలుగు గంటల్లో జనం వచ్చేస్తారు.

ఆ అబ్బాయి కంగారు పడలేదు. ఆంప్లిఫయర్ ప్లగ్గు స్టేజి పక్క గోడకు ఉంది, మిక్సర్ ప్లగ్గు హాలు చివర ఇంకో గోడకు. రెండు చోట్ల ఎర్త్ ఒకేలా లేకపోతే మధ్యలో వేసిన కేబుల్ గుండా ఆ తేడా పాకి హోరుగా మారుతుందట. స్టేజి దగ్గరి బోర్డు నుంచే పొడవాటి వైరు లాగి మిక్సర్‌కు కూడా అక్కడి కరెంటే ఇచ్చాడు. హోరు ముప్పాతిక వంతు పోయింది. తర్వాత గిటారుకూ మిక్సర్‌కూ మధ్య ఉన్న చిన్న డీఐ బాక్సు మీద ఒక మీట ఇటు నుంచి అటు తిప్పాడు. మిగిలినది కూడా పోయింది. కొందరు ఇలాంటప్పుడు ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి చేతులు దులుపుకుంటారు. హోరు పోతుంది, నిజమే. కానీ ఎక్కడైనా కరెంటు లీకైతే తీగల మీద వేళ్లు, మైకు దగ్గర పెదవులు ఉన్న మనిషి గతి ఏమిటి? మా ఆయనకు ఒకప్పుడు వేరే ఊరి పందిట్లో మూతికి షాకు తగిలి రెండు రోజులు మాట తడబడింది. మీ ఫంక్షన్‌కు వచ్చిన సౌండ్ మనిషి పిన్ను విరవబోతే అక్కడే ఆపించండి.

తర్వాత బేస్ బాక్సులు. వాటిని స్టేజికి అటొకటి ఇటొకటి మూలల్లో పెట్టడం ఈ ఊరి ఆనవాయితీ. అలా పెట్టే మా ఆయనను ఒంటరిగా వాయించమని ఆ అబ్బాయి హాలంతా తిరిగాడు. నన్నూ వెంట తిప్పాడు. గోడ పక్క వరుసలో కూర్చుంటే చెవులు మూసుకోవాలనిపించేంత హోరు, మధ్య వరుసలో నాలుగడుగులు వేస్తే ఆ స్వరం జాడే లేదు! కింది స్వరం అల ఒక్కొక్కటి ఎనిమిది మీటర్లకు పైనే ఉంటుందట. రెండు పెట్టెల నుంచి వచ్చిన అలలు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయి, మూలన పెడితే గోడలు దాన్ని మరీ ఉబ్బిస్తాయి. కుర్రాళ్ల చేత రెండు పెట్టెలనూ మూలల నుంచి లాగించి స్టేజి ముందు మధ్యలో పక్కపక్కన పెట్టించాడు. మళ్లీ తిరిగాం. ఈసారి చేతులు కడుక్కునే చోట కూడా ఏ స్వరం వాయిస్తున్నారో తెలిసింది. ఇంత తెరలున్న హాలు కదా, అవి దించితే సరిపోదా అని అడిగాను. "తెరలు గొంతుకు పనికొస్తాయమ్మా, బేస్‌కు అవి ఉన్నా లేనట్టే" అన్నాడు. స్టేజి చెక్కది, లోపల డొల్ల. దాని మీద ఆంప్లిఫయర్ పెడితే స్టేజి తానూ ఒక డోలై మోగుతుందని కింద మందపాటి స్పాంజి పలక వేశాడు. అది కూడా అతను వెంట తెచ్చుకున్నదే.

ఇదంతా జరుగుతుండగా మా అత్తగారు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఆవిడది కోవూరు, వ్యవసాయ కుటుంబం. కొడుకు వాయిద్యాన్ని ఇన్నేళ్లుగా గోడకు వేలాడుతుండగా చూడటమే తప్ప, పాటలో అది ఎక్కడుంటుందో ఆవిడకు తెలియదు. కాసేపు విని నన్ను పిలిచి, "దీని కోసమేనా వీడు రాత్రిళ్లు ఇంటికి రానిది?" అన్నారు. అవునన్నాను. "బాగానే ఉందే" అని మళ్లీ కొంగు సర్దుకుని వినడంలో పడ్డారు. ఆవిడ నోట 'బాగానే ఉంది' అన్న మాట నా వంటకు ఇంతవరకు రాలేదు.

కార్యక్రమం ఏడింటికి మొదలైంది. కీబోర్డు మిత్రుడు గూడూరు నుంచి, డ్రమ్స్ వాయించే అతను కావలి నుంచి రైల్లో వచ్చారు, తబలా మా మేనమామ కొడుకు. మా అమ్మాయి రెండు పాటలు పాడింది, తండ్రికి చెప్పకుండా సాధన చేసి. ఎక్కువగా ఎనభైల నాటి ఇళయరాజా పాటలే. బేస్ వాయించేవాళ్లకు ఆ పాటలంటే అంత ప్రాణం ఎందుకో ఆ రోజు నాకు చెవులారా తెలిసింది. అక్కడ బేస్ గొంతు వెనక నక్కి నడవదు, తన దారిన తాను నడిచి పల్లవి దగ్గరకు వచ్చి కలుస్తుంది. 'లీడ్ (ముందుండి ట్యూను పలికించే గిటారు) ఎప్పుడు వాయిస్తావు బావా' అని పాతికేళ్లుగా మా ఆయనను ఏడిపించే మా తమ్ముడు రెండో చరణంలో ఫోను జేబులో పెట్టేశాడు. పాట అయ్యాక దగ్గరకు వెళ్లి, "ఆ మధ్యలో కిందకు దిగుతూ వచ్చింది నువ్వేనా?" అని అడిగాడు. అలా అడగడానికి వాడికి పాతికేళ్లు, నాకు 16,000 పట్టాయి.

ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. హాలు జనరేటర్ దానంతట అది మొదలుకాదు. ఎవరో కిందకు పరుగెత్తి మీట వేయాలి. ఆ 'ఎవరో' ఆ వేళ వడ్డన దగ్గర ఉన్నాడు. చీకట్లో తబలా, గాయకుడి గొంతు మాత్రం మిగిలాయి. వాళ్లిద్దరూ పాట ఆపకుండా లాక్కొచ్చారు, జనం చప్పట్లతో తాళం వేశారు. మిక్సర్‌కు సౌండ్ అబ్బాయి తన సొంత యూపీఎస్ పెట్టుకున్నాడు కాబట్టి కరెంటు రాగానే అన్నీ ఎక్కడివక్కడ పలికాయి. లేకపోతే అమరికలన్నీ మొదటి నుంచి చూసుకోవలసి వచ్చేదట. ఈ ఘనత అతనిది, హాలుది కాదు. అద్దెకు తీసుకునే ముందు జనరేటర్ ఎవరు వేస్తారో, ఆ మనిషి ఆ సమయంలో ఎక్కడ ఉంటాడో అడగండి.

భోజనం ప్లేటు 380 రూపాయలు. చేపల పులుసు గురించి నెల్లూరువాళ్లకు నేను చెప్పేదేముంది? బొచ్చె ముక్కలు, పచ్చి మామిడికాయ, చిక్కటి చింతపండు పులుసు, నూనె పైకి తేలి ఉంది. పొద్దున్నే వండి పక్కన పెట్టారు. సాయంత్రానికి ముక్కకు పులుసు పట్టింది, ముక్క చెదరలేదు. చెన్నై నుంచి వచ్చిన మా ఆడపడుచు డబ్బాలో పెట్టించుకుని వెళ్లింది. బిర్యానీ సరేసరి, అన్ని ఫంక్షన్లలో ఉండేదే. శాకాహారుల సంగతి మాత్రం సవతి పిల్లల వ్యవహారంలా ఉంది. రెండు కూరల్లో ఒకటి తొమ్మిదింటికే అయిపోయింది, అడిగితే అప్పడాలు తెచ్చారు. మెనూ కార్డులో 'మొలగొలుకుల అన్నం' అని అచ్చు వేశారు. మా అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇవి సోనామసూరి" అని తేల్చేశారు. వరి పండించిన చేతులకు ఆ కార్డు చూపించడం దండగ. మలై కాజాలు మేమే బయట నుంచి తెచ్చుకున్నాం. అందుకు హాలువాళ్లు అభ్యంతరం చెప్పలేదు. ఇది వాళ్ల పక్షాన రాసుకోవలసిన మాట.

కేకు కథ వేరు. గిటారు ఆకారంలో మూడు కిలోలు, గుడ్డు లేనిది, 2,700. బేకరీ అబ్బాయికి మా అమ్మాయి ఫొటో ఇచ్చి, కింద 'తీగలు నాలుగే' అని రాసి గీత కూడా గీసింది. పెట్టె తెరిస్తే తెల్ల క్రీముతో చక్కగా ఆరు తీగలు! బేస్ వాయించేవారి యాభయ్యో పుట్టినరోజుకు మామూలు గిటారు కేకు. కీబోర్డు మిత్రుడు పడీపడీ నవ్వాడు. ఫోను చేస్తే బేకరీవాళ్లు, "రెండు ఎక్కువే వేశాం కదమ్మా" అన్నారు, ఏదో కొసరు ఇచ్చినట్టు. మా అమ్మాయి వెన్న రాసే కత్తి తెప్పించి, మెడ నుంచి కింద దాకా రెండు క్రీము తీగలను లేపి తీసేసింది. అక్కడ రెండు గోధుమరంగు గాట్లు మిగిలాయి. తల మీద బిరడాలు ఆరు చెర్రీ ముక్కలు. అవీ రెండు పీకి నోట్లో వేసుకుంది. మా ఆయన కత్తి అందుకుని కోయబోయే ముందు వంగి, తీగలు లెక్కపెట్టుకుని, "శ్రుతి చేశారా?" అని అడిగారు. రుచి బాగుంది, లోపల అనాస ముక్కలు తాజావే. అయినా రెండో సారి వాళ్ల దగ్గరకు వెళ్లను. రాసిచ్చిన నాలుగు అంకె చదవనివాళ్లు పేరు సరిగ్గా రాస్తారన్న నమ్మకం ఏమిటి?

పావుతక్కువ పదికి మేనేజరు స్టేజి పక్కన వచ్చి నిలబడ్డాడు. చుట్టాల్లో కొందరు 'ఇంకొక్క పాట' అని అతని మీదకు వెళ్లారు. నేను మేనేజరు పక్షమే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. లోపలికే వినిపించే మూసిన హాళ్లకు మినహాయింపు ఉన్నా, పక్క వీధిలో ఆసుపత్రి. చివరి పాట తొమ్మిది యాభై ఐదుకు ముగిసింది. ఆ తర్వాత స్పీకర్లు కట్టేసి, తబలా ఒక్కటీ పెట్టుకుని, కుర్చీలు గుండ్రంగా లాక్కుని ఇంకో అరగంట పాడుకున్నాం. దానికి అతనూ అడ్డు చెప్పలేదు, ఒక కాజా కూడా తిన్నాడు.

ఇంకొక్క సలహా. ఇంటికి వెళ్లాక చుట్టాలు ఫోనుల్లో తీసిన వీడియోలు వరదలా వచ్చాయి. ఒక్కదాంట్లోనూ మా ఆయన వాయించింది లేదు. ఫోను స్పీకర్‌కు ఆ కింది స్వరాలు పలికే శక్తి లేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే కొంత నయం. సౌండ్ అబ్బాయి మాత్రం మిక్సర్ నుంచి ప్రతి వాయిద్యాన్నీ విడివిడిగా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టాడు. అదనంగా డబ్బు అడగలేదు, పెన్‌డ్రైవ్ మాత్రం మనదే ఇవ్వాలి. ముందుగా చెబితేనే చేస్తాడు కాబట్టి అడ్వాన్సు ఇచ్చే రోజే చెప్పి ఉంచండి.

నా లెక్కన సౌండ్‌కు అయిదుకు అయిదు, పులుసుకు నాలుగున్నర, హాలుకు మూడు, కేకుకు తీగలు పోను రెండు. సౌండ్ అబ్బాయికి మిగిలిన డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టాను. హాలువాళ్లతో డీజిల్ లెక్క ఇంకా తేలలేదు. పావుగంట నడిచిన జనరేటర్‌కు పన్నెండు లీటర్లు అంటున్నారు. మా ఇంట్లో లెక్కల మాస్టారు ఉన్న సంగతి వాళ్లకు తెలియదు. సోమవారం ఆయననే పంపుతున్నాను.